లెక్కలోకి రాని మాట

ఆయన పోయిన వార్త తెలిసినప్పటి నుంచి మా ప్రాజెక్టు పేజీలో సంతాపాలు వస్తూనే ఉన్నాయి. సౌమ్యుడు, ఓర్పు గలవాడు, పరుష వాక్యం ఎరగనివాడు. రాసినవాళ్ళంతా ఏవేవో దేశాలవాళ్ళు, ఆయన్ని ఒక్కసారీ చూడనివాళ్ళు. నేను కొన్ని చదివి లాప్‌టాప్ మూసేశాను. నా బిల్డ్ మొదటిసారి చూసి, "ఇది బిల్డా, పెళ్ళి ఊరేగింపా? ముందు బాజాలోళ్ళు, ఎనకాల జెనరేటరు. పెళ్ళికొడుకెక్కడరా?" అని అడిగిన మనిషి గురించి వీళ్ళు మాట్లాడుతున్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

వాళ్ళ తప్పు లేదు. ఆయనకు రెండు భాషలుండేవి. పేజీలో ఇంగ్లీషు. చోడవరంలో చోడవరం భాష. పేజీలో నాకు ఇలా రాసేవారు: "మీ శ్రమకు కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం మాత్రం మిగిలింది. వీలున్నప్పుడు పరిశీలించగలరా?" ఆ చిన్న సందేహాన్నే ఆయన అంతకు గంట ముందు మాడుగుల రోడ్డులోని తమ ఇంటి వరండాలో, కుర్చీ చేతిని కొడుతూ, వీధికంతా వినబడేలా అడిగి ఉండేవారు.

మా ప్రాజెక్టు చిన్న ఆసుపత్రుల్లో రోగుల వివరాలు దాచే ప్రోగ్రాము. జావాలో రాసింది. దానికి యజమాని లేడు. కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు, మార్పు ఎవరైనా తీసుకురావచ్చు. ఆ మార్పు చేరాలంటే మాత్రం పాతవాళ్ళలో ఇద్దరు దాన్ని పరీక్షించి, ఒప్పుకుంటున్నామని పేజీలో రాయాలి. ఆయన ఆ పాతవాళ్ళలో ఒకరు. బిల్డ్ విషయంలో అయితే ఆయన మాట దాటి ఎవరూ పోరు, ఎందుకంటే దాన్ని రాసింది ఆయనే.

బిల్డ్ అంటే వేల ఫైళ్ళ కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా కూర్చే పద్ధతి. ఏ ఫైలు ముందు, ఏది తరవాత, బయటివాళ్ళు రాసిన కోడ్ ముక్కల్లో ఏవి కలపాలి, చివర ఏ పరీక్షలు నడపాలి, అంతా అందులో ఉంటుంది. ఆయన దాన్ని చాలా ఏళ్ళ కిందట చేత్తో రాశారు. చాంతాడంత ఫైలు. ఆయన మెషీన్ మీద చక్కగా నడిచేది. నేను కొత్తగా చేరినప్పుడు నా మెషీన్ మీద నడవలేదు. ఫోల్డరు పేరులో ఖాళీ ఉంటే ఆగిపోతుంది. జావా వెర్షను కాస్త కొత్తదైతే ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు. నాలాగే వచ్చి, తంటాలు పడి, విసిగి వెళ్ళిపోయినవాళ్ళ ప్రశ్నలు పేజీలో జవాబు లేకుండా పడి ఉన్నాయి. అందుకే మొత్తం ప్రాజెక్టును కొత్త బిల్డ్ పద్ధతికి మార్చే పని నేను నెత్తికెత్తుకున్నాను.

అది ఆలస్యమైతే పాడైపోయే పని. మిగతావాళ్ళు రోజూ కోడ్ మారుస్తూనే ఉంటారు. వాళ్ళు కదిపిన ప్రతి చోటా నేను మళ్ళీ సర్దుకోవాలి. కోసి గట్టు మీద పడేసిన చెరకులాగా, ఎన్నాళ్ళు ఆగితే అంత బరువు తగ్గిపోతుంది. మాది రోలుగుంట వైపు చెరకు సేద్యం చేసే కుటుంబం. ఆ బాధ ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మేమిద్దరం ఒకే ఊళ్ళో ఉన్నామన్న సంగతి మాకు చెప్పింది కూడా చెరకే. మా ఊళ్ళో నెట్ సరిగా ఉండదని, ఉద్యోగం కోసం చోడవరంలో మేడ మీద గది తీసుకుని ఉంటున్నాను. ఒకసారి పేజీలో నా జవాబు ఆలస్యమైంది. క్షమించాలి, చెరకు ట్రాక్టరు మా వీధిలో నెట్ తీగను తెంపుకుపోయింది అని రాశాను. క్రషింగ్ సీజను మొదలైతే ఇక్కడ ఇది మామూలే. ఇంటి ఎత్తున లోడు కట్టిన ట్రాక్టర్లు గోవాడ పంచదార ఫ్యాక్టరీ వైపు వెళ్తూ, స్తంభాల మధ్య వేలాడే తీగల్ని పట్టుకుపోతాయి. నా రాతకింద ఆయన ఒకే ముక్క రాశారు: "మాది కూడా. మీరు ఏ వీధి?"

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. "నమస్తే సార్" అన్నాను.

"సారేటి? నేనేటి బడిలో పాఠాలు సెప్తన్నానా? బాబాయ్ అను. కూకో. నీ తీగ కట్టేసేడా ఆ కేబులోడు? మాది ఇంకా కట్టనేదు."

అదే ఆయన పరిచయం. ఎక్కడ చదివారో, ఎక్కడెక్కడ పనిచేశారో నాకు సరిగా తెలియదు. అడిగితే, "అది నీ బిల్డుకి అవసరవా?" అనేవారు.

ఆయన తెర చూసే తీరు వేరు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి, చూపుడువేలు ఒక్కో వరుస కింద పెట్టుకుంటూ చదివేవారు. వేలు ఒకచోట ఆగేది. అక్కడో తప్పుందన్నమాట. "ఇదెందుకు?" అనేవారు. చెప్పాలి. చెబితే "ఊఁ" అనేవారు. ఆ ఊఁకి అర్థం ఒప్పుకున్నట్టు కాదు, తరవాతి వరుసకి వెళ్తున్నట్టు. చివరికి లేచి, గోడలోంచి వచ్చే నెట్ తీగ పీకి, దాన్ని కిటికీ ఊచకు తగిలించి, "ఇప్పుడు నడుపు" అనేవారు.

నా బిల్డ్ నడిచేది కాదు. కొత్త పద్ధతి బయటి కోడ్ ముక్కల్ని నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అందరూ చేసేది అదే. ఆయన మాత్రం ఆ ముక్కలన్నిటినీ ప్రాజెక్టులోనే ఒక ఫోల్డర్లో పెట్టుకున్నారు.

"బాబాయ్, ఈ రోజుల్లో నెట్ లేని చోటేది?"

"ఇదిగో, ఇదే. సూడు." కిటికీకి వేలాడే తీగను చూపించేవారు. "గోవాడలో క్రషింగ్ మొదలైతే నీ బిల్డు ఆగిపోద్ది. మన పోగ్రాం వాడే ఆసుపత్రులు ఏ కొండమీదున్నాయో నీకు తెల్సా? వాళ్ళక్కడ చిన్న తప్పు సరిజేసుకోవాలంటే ముందు నెట్టు కోసం కొండ దిగాలా?"

"తీగ మీరే పీకేరు కదా బాబాయ్!"

"నేను పీకితే ఏటి, ట్రాక్టరు పీకితే ఏటి? దానికి తెల్సా ఎవుడు పీకేడో?"

ఈ గొడవ మధ్యలోనే పిన్ని, అంటే ఆయన భార్య, మాడుగుల హల్వా చిన్న గిన్నెల్లో తెచ్చి పెట్టేది. "మీరిద్దరూ ఇలగ అరుసుకుంటన్నారని ఎదురింటోళ్ళు ఆస్తి తగువనుకుంటన్నారు. ఈ గుంటడు మీకేటవుతాడని అడిగింది ఆ ఇంటావిడ. నానేటి సెప్పనూ?"

"బిల్డు మారుస్తన్నాడని సెప్పు."

"అలగంటే ఇల్లు పడగొట్టి కడతన్నామనుకుంతాది."

"అనుకోనీ. వీడు సేస్తన్నదదే. తినరా, తిని ఏడు."

ఇంతవరకూ అయితే భరించవచ్చు. భరించలేనిది ఆ తరవాతి భాగం. వరండాలో రెండు గంటలు పోట్లాడి, నేను ఓడో గెలిచో ఒక నిర్ణయానికి వచ్చేక, ఆయన లేచి చెప్పులేసుకుంటూ అనేవారు: "సరే, ఇప్పుడు గదికెళ్ళి ఇదంతా అక్కడ అడుగు. నేనక్కడ సెప్తాను."

"ఇప్పుడే కదా తేల్చుకున్నాం?"

"ఇక్కడ మాటాడుకున్నది లెక్కలోకి రాదు."

అంటే పేజీలో నేను అదే ప్రశ్న ఇంగ్లీషులో, ఏమీ ఎరగనట్టు అడగాలి. ఆయన ఏమీ ఎరగనట్టు జవాబివ్వాలి. "చక్కని ప్రశ్న" అని కూడా రాసేవారు. ఒళ్ళు మండేది. వాదన మొత్తం రెండోసారి, వడగట్టి, మర్యాదగా, కారణాలతో సహా. వరండాలో నేను గెలిచిన వాదన పేజీలో ఓడిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. రాస్తూండగా ఆయనకే కొత్త అభ్యంతరం తట్టేది. "రాత్తే గాని తెలీదురా మనకేటి తెల్సో" అని మర్నాడు నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఈలోగా నా చెరకు ఎండిపోతూ ఉండేది.

తీగ సంగతి చివరికి ఒప్పుకున్నాను. బయటి ముక్కల్ని ఒకసారి తెచ్చాక ప్రాజెక్టులోనే దాచి, నెట్ లేనప్పుడు అక్కణ్ణించి తీసుకునేలా మార్చాను. కోపంగానే మార్చాను. మార్చాక, పాత బిల్డూ కొత్త బిల్డూ పక్కపక్కన నడిపి రెండిటి ఫలితం ఒకటేనని చూపించమన్నారు. నడిపాను. ఒకటి కాదు.

పరీక్షల్లో కొంతమంది రోగుల పుట్టినతేదీ ఒక రోజు వెనక్కి జరుగుతోంది. పాత బిల్డ్‌లో సరిగా ఉంది. కొత్తదాంట్లో తప్పు. కోడ్ ఒకటే, బయటి ముక్కల పేర్లు ఒకటే, వెర్షన్లు ఒకటే. ఏది మారిందో పట్టుకోవడానికి నేను చేయని పని లేదు. ఒక్కో ముక్కా తీసి, పెట్టి, తీసి, పెట్టి. ఉద్యోగం పని పక్కన పడింది. మా మేనేజరు అడిగితే జ్వరమన్నాను. చివరికి తేదీలు లెక్కగట్టే ఒక ముక్క దగ్గర ఆగాను. ఆయన ఫోల్డర్లో ఉన్నదీ, నెట్‌లో అదే పేరుతో, అదే వెర్షన్‌తో దొరికేదీ పరిమాణంలో వేరు.

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వాళ్ళింటికి నడిచాను. ఆయన వరండాలో గోళ్ళు తీసుకుంటున్నారు.

"బాబాయ్, ఈ ఫైలు మీరేటైనా మార్చేరా?" కోపం వస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది.

కళ్ళజోడు తీశారు. వంగారు. వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

"మార్చేను."

"ఎప్పుడు?"

"అబ్బో, ఎప్పుడో. అందులో తప్పుందిరా. అర్ధరాత్రి పన్నెండుకి పుట్టినోళ్ళని ముందురోజుకి తోసీసేది. సరిజేసి ఎట్టేను."

"చేస్తే పేరు మార్చాలి కదా! వెర్షన్ మార్చాలి కదా! ఎక్కడైనా ఒక ముక్క రాయాలి కదా! ఇన్ని రోజులై నేను దీని కోసం బుర్ర బద్దలు కొట్టుకుంతన్నాను!"

"అప్పుడు నేనొక్కణ్ణే కదరా ఈ పని సేసేది. ఎవుడికి సెప్పాలి, నాకు నేనా? గుర్తుంతాదనుకున్నాను." గోళ్ళు తీసేది అరుగు మీద పెట్టారు. "మర్చిపోయేను. తరవాత ఒకసారి ఎక్కడో ఆసుపత్రోళ్ళు నీలాగే నెట్లోది తెచ్చుకుని వాడేరు. టీకాల తేదీలన్నీ గల్లంతయ్యేయి. ఆళ్ళు పేజీలో అడిగితే నాకే తెలీలేదు ఎందుకో. తెలిసేసరికి ఆళ్ళు మన పోగ్రామే మానేసేరు. అప్పుడు పెట్టుకున్నానురా ఈ నియమం. నోటితో అనుకున్నదీ, బుర్రలో దాచుకున్నదీ లెక్కలోకి రాదు. అక్కడ ఉంటేనే ఉన్నట్టు."

"మరి ఆ నియమం పెట్టుకున్నప్పుడైనా ఈ ఫైలు సంగతి రాయొచ్చు కదా?"

ఆయన నా మొహంకేసి చూశారు. "సిగ్గేసింది" అన్నారు.

అలాంటి మనిషి మీద అరవడం కూడా కుదరదు. అదే రోజు ఆయన పేజీలో అంతా రాశారు. తప్పు తనదని, ఎందుకు జరిగిందో, ఎవరికి నష్టం జరిగిందో, పూర్తిగా. కింద చాలామంది మెచ్చుకున్నారు, ఎంత నిజాయితీ అని. నాకు పట్టిన జ్వరం గురించి ఎవరికీ తెలియదు.

ఆ ముక్కకు కొత్త పేరు పెట్టి సర్దాను. రెండు బిల్డుల ఫలితం ఒకటైంది. ఇక మిగిలింది ఒప్పుకోలే, అది ముందు ఆయన రాస్తే గాని ఇంకెవరూ రాయరు. మళ్ళీ క్రషింగ్ సీజను వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే నెట్ పోయింది. ట్రాక్టరే. నేను ఫోను ఛార్జరు కొనడానికి బస్ కాంప్లెక్స్ వైపు వెళ్తే, ఆయన వైజాగ్ బస్సు దగ్గర నిలబడి ఉన్నారు. కళ్ళజోడు మార్చుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు.

"ఒరే గుంటడా, ఇలగ రా. పొద్దున్న తీగ తెగిపోయింది కదా. పీకక్కర్లేకుండా పీకినట్టయ్యింది. నీ బిల్డు నడిపేను."

"ఏటయ్యింది?"

"నడిచింది. మొత్తం, మొదట్నుంచి సివరిదాకా. పరీచ్చలన్నీ పాసయ్యేయి. ఇంక సాలు, కలిపీ. నాది తీసీ."

"రెండూ ఉంచుదామా కొన్నాళ్ళు?" అలా ఎందుకడిగానో తెలియదు. మర్యాదకు అడిగి ఉంటాను.

"ఎందుకు? రెండుంటే దేన్నీ ఎవుడూ సూడడు. తీసీ."

"అయితే అక్కడ రాయండి మరి."

"నెట్టేదిరా?"

"ఫోన్లో రాయండి. ఫోన్లో వస్తంది కదా."

జేబులోంచి ఫోను తీసి, దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. "ఈ గాజుపలక మీద నా ఏళ్ళు ఆనవురా. ఒకటి నొక్కితే ఒకటి పడతాది. సంతకం లాంటిది కదా, తప్పుల్తో రాస్తే ఏం బావుంతాది? సాయంత్రానికి కేబులోడు కట్టేస్తాడు. వొచ్చి సుబ్బరంగా రాస్తాను."

బస్సు కదులుతుంటే ఎక్కారు. కిటికీలోంచి, "నాది తీసెయ్యడం మర్సిపోకు" అని అరిచారు.

మధ్యాహ్నం పిన్ని ఫోను చేసింది. బస్సులోనే ఆయన గుండె ఆగిపోయింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వరండా ముందు, స్తంభానికి నిచ్చెన వేసి, కేబుల్ అబ్బాయి తీగ కడుతున్నాడు.

సంతాపాల తరవాత, పాతవాళ్ళలో ఒకాయన పేజీలో ఒక ప్రతిపాదన పెట్టాడు. బిల్డ్ మార్చే పని ఇక ఆపేద్దాం, ఆయన చేతిరాతలాంటి ఆ పాత బిల్డ్‌ను ఆయన జ్ఞాపకంగా అలాగే ఉంచుకుందాం అని. మంచి మనసుతోనే పెట్టాడు. దాని కింద బొటనవేళ్ళ బొమ్మలూ, గులాబీ బొమ్మలూ వరసగా పడ్డాయి. నా పని మొత్తం ఒక దండ కింద నలిగిపోతోంది. ఆయన తీసెయ్యమన్నదాన్ని ఆయన పేరు మీదే ఉంచేస్తున్నారు.

జవాబు రాయడం మొదలుపెట్టాను. "ఆయన చివరి రోజున స్వయంగా నాతో అన్నారు" అని రాసి, ఆగాను. చెరిపేశాను. పోయిన మనిషి నాతో ఫలానా మాట అన్నాడని ఎవరైనా రాయవచ్చు. ఆ మాట వల్ల లాభపడేవాడిని నేనే అయినప్పుడు మరీను. అదీగాక నియమం ఆయనది. దాన్ని దాటించడానికి ఆయన్నే వాడుకోవడం ఏ విధంగానూ పొసగదు.

దినాల్లో ఒకరోజు పిన్ని అడిగింది. "నీ పని అయిపోయిందంటగా? ఆ పొద్దున్న నవ్వుకుంటూ కాఫీ తాగేరు. గుంటడు నెగ్గేడే అన్నారు."

"నీతో అన్నారా పిన్నీ?"

"నాతో కాక గోడతో అంతారా?"

ఇప్పుడు సాక్షులం ఇద్దరం. అయినా అది లెక్కలోకి రాదు. ఎంత కోపం వచ్చిందంటే, ఆ ఇంట్లో, ఆ సమయంలో, ఆయన మీద ఆ కోపం రావడం తప్పని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను. ఒక్క వాక్యం. తప్పుల్తోనే. "సరే" అని నొక్కి ఉంటే చాలు.

గదికి వచ్చి మొదటి నుంచి వాదన పెట్టుకున్నాను. ఆయన పేరెత్తకుండా. రెండు బిల్డులుంటే ప్రతి మార్పూ రెండుచోట్ల చేయాలి. ఒకచోట మరిచిపోతారు. మరిచిపోయినది ఏ ఆసుపత్రిలోనో ఎవరి పుట్టినతేదీలోనో బయటపడుతుంది. పాతది నడవక వెళ్ళిపోయినవారి ప్రశ్నలు ఇవిగో, చదవండి. ప్రతిపాదన పెట్టినాయన మర్యాదగానే అడిగాడు: ఆయన ఉండి ఉంటే దీనికి అభ్యంతరం చెప్పేవారేమో కదా?

"ఆయన అభ్యంతరాలన్నీ ఇదే పేజీలో పైన ఉన్నాయి. ఒక్కొక్కదాని కిందా జవాబు ఉంది. జవాబు లేనిది ఏదైనా కనిపిస్తే చూపించండి" అని రాశాను.

చాలామంది పైకి వెళ్ళి చదివినట్టున్నారు. కొన్ని రోజులు గడిచాయి. తరవాత ఆ ప్రతిపాదన పెట్టినాయనే తన మెషీన్‌కి నెట్ తీసేసి నా బిల్డ్ నడిపి, ఒప్పుకుంటున్నానని రాశాడు. పాతవాళ్ళలోనే ఇంకొకావిడ రాసింది. ఇద్దరయ్యారు. కలిపాను. పాత బిల్డ్ ఫైలు తీసేసినప్పుడు దాని వరుసలన్నీ తెర మీద, పోయినవాటి గుర్తుగా ఎర్రగా, ఎంతసేపు కిందకి జరిపినా తరగకుండా కనిపించాయి.

మార్పు కింద ఒప్పుకున్నవారి పేర్లుంటాయి. రెండు పేర్లు. అందులో ఆయనది లేదు. ప్రాజెక్టు ఉన్నంతకాలం, ఆ పేజీ చదివినవాళ్ళు, సందేహాలన్నీ అడిగిన ఆ సౌమ్యుడు చివరిదాకా దీనికి ఒప్పుకోలేదనే అనుకుంటారు. నేనిక్కడ రాసుకున్నది వాళ్ళెవరూ చదవరు.

మొన్న మళ్ళీ తీగ తెగింది. ఎక్కడో కెన్యాలో ఒక నర్సు, కొత్తగా కోడ్ రాయడం నేర్చుకుని, తన మొదటి మార్పు పంపింది. ఇప్పుడు నేనూ పాతవాళ్ళ లెక్కే కనక, పరీక్షించడానికి దాన్ని ముందురోజే దించుకుని ఉంచాను. నెట్ లేకుండానే నడిపాను. నడిచింది. కేబుల్ అబ్బాయికి ఫోను చేస్తే, సాయంత్రానికి కట్టేస్తానన్నాడు.

నేను సాయంత్రం దాకా ఆగలేదు. ఫోన్లోనే, ఆ గాజుపలక మీదే, ఒప్పుకుంటున్నానని రాసి పంపించాను. తరవాత చూసుకుంటే రెండు తప్పులు పడ్డాయి. పడనీ.